పడవ నీళ్ళు పోసిన బండి

కోడలు బస్సు డిపోలో మెకానిక్. మామగారు పాత పడవలకు చిల్లులు పూడ్చి రంగులేసే మనిషి. ఆ మధ్యాహ్నం ఇద్దరూ తమ ముసలి పికప్ ట్రక్కుకి ట్రైలర్ తగిలించి, దాని మీద ఒక చేపల పడవను కట్టుకుని, కొండ అవతలి తమ ఇంటికి కొండదారి ఎక్కుతున్నారు. పడవ యజమాని నెల కిందట రిజర్వాయరులో వల వెయ్యబోయి కనబడకుండా పోయాడు. పడవ మాత్రం లోపల చుక్క తడి లేకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. "ఇంకొక్క రోజు ఇది నా గుమ్మం ముందుంటే నాకు పిచ్చెక్కుతుంది, తీసుకుపోండి" అంది అతని భార్య. కాదనలేకపోయారు.

బండి కోడలికన్నా రెండేళ్ళు పెద్దది.

"మీ అత్తలాగే దీనికీ మెట్టెక్కితే ఒళ్ళు మండుతుంది" అన్నారు మామగారు. ఆమె నవ్వింది.

మూడో మలుపు దగ్గర ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు జరిగింది. ఆమె గేరు తగ్గించి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా తిప్పింది. ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగెయ్యడానికి అదొక ఉపాయం. ఆ ఎండలో మొహం మాడిపోవాలి. కానీ గొట్టాల్లోంచి చల్లగాలి వచ్చింది. దాంతోపాటు నానిన చెక్క వాసన, బురద వాసన.

"రేడియేటర్లో నీళ్ళు అయిపోయినట్టున్నాయి, మామయ్యా."

పక్కకు ఆపారు. ఇంజిన్ చల్లబడేదాకా ఆగి, గుడ్డతో పట్టుకుని రేడియేటర్ మూత తీసింది. లోపల పొడిగా ఉంది. పొద్దున తనే నింపింది. గొట్టాలు తడిమింది, బండి కింద పడుకుని చూసింది. ఎక్కడా కారలేదు. వెంట తెచ్చిన రెండు డబ్బాల నీళ్ళూ పోసేసింది.

మరో రెండు మలుపులు తిరిగారో లేదో, ముల్లు మళ్ళీ లేచింది. ఈసారి బండి వెనక్కి గుంజుతోంది. ఎవరో ట్రైలర్ పట్టుకుని వేలాడుతున్నట్టు.

దిగి వెళ్ళి పడవ మీద కప్పిన టార్పాలిన్ ఎత్తింది.

పడవ అంచుదాకా నీళ్ళు. నల్లగా, కదలకుండా.

వాన లేదు. మబ్బయినా లేదు. పైగా బండి ఏటవాలులో ఆగి ఉంది, నీళ్ళు ఒకవైపుకి ఒరిగి పొర్లిపోవాలి. ఒరగలేదు... పడవతోపాటే వాలి, అంచుకి సమంగా నిలబడ్డాయి.

మామగారు ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చారు. "ఈ నీళ్ళు వద్దు, మామయ్యా. ఏదైనా బండి వచ్చేదాకా ఆగుదాం."

గంటసేపు ఎదురుచూశారు. ఒక్క బండీ రాలేదు, ఫోను పలకలేదు. ఇంటి దగ్గర చంటిదానికి పాలిచ్చే వేళ దాటిపోయి, ఆమె జాకెట్టు తడుస్తోంది.

"నీళ్ళు నీళ్ళేగా, అమ్మాయ్" అంటూ మామగారు డబ్బా ముంచారు. దాహంతో ఉన్నారేమో, రెండు దోసిళ్ళు తాగేశారు కూడా.

"తాగకండి" అనేలోపే గుటక పడింది.

ఇక చేసేదేముంది? ఇంజిన్ మళ్ళీ నడిపి, ముల్లు లేస్తుండగానే సన్నటి ధారగా రేడియేటర్లో పోసింది. తర్వాత పడవ అడుగున బిరడా లాగి, మిగిలిన నీళ్ళు రోడ్డు మీదికి వదిలేసింది. మళ్ళీ ఎక్కి కూర్చునేసరికి ముల్లు దిగుతోంది. మామూలు చోటు దాటింది. అడుగుకి వచ్చి అక్కడే ఆగింది.

ఆ తర్వాత మెట్టంతా బండి అవలీలగా ఎక్కింది. హీటర్ ఆపేసింది, అయినా లోపల చలి. మామగారు తల వాల్చి నిద్రపోయారు. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంది.

చల్లగా ఉంది...

కొండ మీద బండి ఆపి, తాళంచెవి తీసేసింది. పొద్దు వాలుతోంది. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టింది. అంత ఎక్కి వచ్చిన ఇంజిన్. చేపలా చల్లగా, జిగటగా తగిలింది.

వట్టి చేత్తోనే మూత తిప్పింది.

లోపల నీళ్ళు మెల్లగా పైకి లేచాయి. ఆగాయి. మెల్లగా దిగాయి. మళ్ళీ లేచాయి.

పక్కకు వంగి, తెరిచిన కిటికీలోంచి మామగారి వైపు చూసింది. ఆయన రొమ్ము లేచింది. ఆగింది. దిగింది. ఆమె నీళ్ళ వైపు చూసింది. అదే లయ.

మూత మళ్ళీ పెట్టబోయింది.

"పెట్టకమ్మాయ్..." నీళ్ళలోంచి గుసగుసగా వినిపించింది. "ఊపిరాడదు."

మామగారి గొంతే. ఆయన పెదవులు మాత్రం కదల్లేదు.