ఐస్లా ఓడ గంట

"ఐస్లా మునగలేదు, ముంచేశారు," అన్నాడు కోట పెద్ద మన్రో దొర.

ఎదురుగా నహోవా నిలబడి ఉన్నాడు. పోయినేడు ఆ ఓడతోపాటు అందరూ చచ్చారని దొరే చెప్పాడు. వాళ్లలో అతని తమ్ముడు కమోకు కూడా ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ హవాయి దీవుల నుంచి ఒకేసారి ఈ తోళ్ల కంపెనీ కొలువుకొచ్చారు. ఇప్పటికీ నహోవా తినేముందు తమ్ముడి పేరున ఓ చేపముక్క పక్కన పెడతాడు.

"మనతో పోటీపడే బోస్టన్ వర్తకుల ముఠా పనిది," అన్నాడు దొర. "ఇప్పుడు మన 'హెలెన్' ఓడ మీద కన్నేశారు. ఏడాదంతా కొన్న నీటికుక్కల తోళ్లు అందులోనే ఉన్నాయి. నువ్వు వంటవాడి వేషంలో ఎక్కు. ప్రమాదం పసిగడితే కెప్టెన్‌తో 'ఉప్పు అయిపోయింది' అను. ఆ కోడ్ ఆయనొక్కడికే తెలుసు. ఇక నువ్వెలా చెబితే అలా నడుపుతాడు."

దొర ఓ పెద్ద గరిటె చేతికిచ్చాడు. బోలు పిడిలో బుల్లి పిస్తోలు!

హెలెన్ జలసంధిలో అడుగుపెట్టగానే పొగమంచు కమ్మేసింది. కుడివైపు నుంచి గంట మోగింది. బీటవారిన ఐస్లా గంట! దాని మోత ఆ తీరంలో ఎరగనివాడు లేడు.

"చచ్చినోళ్లు పిలుస్తున్నార్రోయ్!" సరంగు కేకపెట్టాడు.

"ఎడమకి! ఎడమకి తిప్పరా!" కెప్టెన్ ఇస్బిస్టర్ అరిచాడు. ఆర్క్నీ దీవుల మనిషి, తుపానుకైనా ఎదురెళ్తాడు గానీ దయ్యాలకు వెళ్లడు.

'చలేస్తోందిరా తమ్ముడూ?' నహోవా కళ్లు చెమ్మగిల్లాయి. అంతలో చెవులు రిక్కించాడు. దెబ్బ దెబ్బకీ మోత చటుక్కున తెగుతోంది. గంట కొట్టగానే అరచేత్తో నొక్కేయడం కమోకు అలవాటు. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. దయ్యానికి అరచెయ్యెక్కడిది?

బతికే ఉన్నాడు! నహోవాకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే ఆ గంట ఎందుకు మోగుతోందో అర్థమై కెప్టెన్ దగ్గరికి పరుగెత్తాడు.

"కెప్టెన్ దొరా! ఉప్పు అయిపోయింది!"

"ఏంట్రా?"

"ఉప్పు అయిపోయింది! గంటకేసి పోనివ్వండి. మనం భయపడి పారిపోయే వైపే రాళ్లుంటాయి!"

కెప్టెన్ మొహం పాలిపోయింది. "దేవుడా, నువ్వే దిక్కు," అంటూ తనే చుక్కాని లాగాడు. ఓడ మూలుగుతూ తిరిగింది. ఎడమపక్కన నల్లటి రాయి చెక్కను గీరుకుంటూ వెనక్కి పోయింది.

ఎదురుగా చిన్న పడవ. అందులో గంట, గంట పక్కన కమోకు.

"అన్నా!"

"ఎందుకురా ఈ పాడు పని?" తమ దీవుల భాషలోనే అడిగాడు నహోవా.

"మోగిస్తే బతకనిస్తామన్నారన్నా బోస్టన్ వాళ్లు!"

"కాల్చరా వాణ్ణి!" వెనకనుంచి కెప్టెన్.

నహోవా పిస్తోలు తీశాడు. ఐస్లాతో మునిగినవాళ్లందరూ తన వెనకే నిలబడి చూస్తున్నట్టనిపించింది. చెయ్యి మాత్రం లేవలేదు. "మందు తడిసిపోయింది దొరా," అన్నాడు.

కమోకు నీళ్లలోకి దూకాడు. పొగమంచు అతన్ని దాచేసింది.

తిరిగి కోటకొచ్చాక, పడవలోంచి తెచ్చిన ఆ గంటను మన్రో దొర వేలితో మీటాడు. "ఇది మోగించిందెవరు?"

నహోవా అరచేత్తో గంటను నొక్కి మోత ఆపేశాడు.

"ఎవరుంటారు దొరా? పోయినేడే అందరూ చచ్చారని చెప్పింది మీరే కదా!"