తొమ్మిదో పాలెట్

పొద్దున్న ఎనిమిదీ పదికి, నెవార్క్ దగ్గర పిస్కాటవేలో ఒక ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, సెమిసీ చేతిలోని కాఫీ ఇంకా పొగలు కక్కుతుండగానే అతని ఛాతీలో రెండు బుల్లెట్లు దిగాయి. సైలెన్సర్ గన్. పక్క కార్లో సీట్‌బెల్ట్ పెట్టుకుంటున్న మనిషి తలెత్తి కూడా చూడలేదు. మూడోది నుదుట్లోకి దిగింది. కాఫీ, నెత్తురు కలిసి డ్రెయిన్ వైపు పారాయి.

సెమిసీది పసిఫిక్‌లో తులోవా అనే చిట్టి దేశం. మ్యాప్ మీద వేలు పెడితే దేశమంతా వేలికింద దాక్కుంటుంది. ఆ దేశపు ఆరోగ్యశాఖలో కొనుగోళ్ల ఆఫీసర్ అతను. దాతలిచ్చిన నిధులతో పద్దెనిమిది వేలమంది పిల్లలకి తట్టు టీకా కొనుక్కెళ్లడానికి వచ్చాడు. ప్రాణం పోవడానికి పది నిమిషాల ముందు ఒక ఫోన్ చేశాడు. "పాలెట్ నైన్. మూతలు చూడు." అంతే చెప్పాడు.

ఆ ఫోన్ ఎత్తింది రత్నరాజు. ఊరు చీరాల, వయసు నలభై రెండు, తెలుగు చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. చర్చి పిల్లలకి ప్రొక్యూర్‌మెంట్ కన్సల్టెంట్ అంకుల్, అంటే కొనుగోళ్ల సలహాదారు. ఈ టీకాల కొనుగోలుకీ అతనే. అది పైకి. లోపల మాత్రం 'డెస్క్' అనే గూఢచారి సంస్థలో ఏజెంట్ ఫోర్టీన్. తొమ్మిదేళ్లలో ఏడుగురిని చంపాడు, ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయని నన్నడక్కండి. అతన్నడిగినా చెప్పలేడు.

తొమ్మిదింటికి చీఫ్ వసంతలక్ష్మి లైన్లోకి వచ్చింది.

"కోబాల్ట్ గ్యాంగ్ పని. వాళ్లకి తులోవా రేవు కావాలి. పిల్లలు చస్తే జనం ప్రభుత్వాన్ని తగలబెడతారు. దాతలు పారిపోతారు. రేవు వాళ్ల ఒళ్లో పడుతుంది."

"టీకా మంచిదే మేడమ్. ల్యాబ్ రిపోర్ట్ నేనే చూశాను."

"పొడి మంచిదే. అందులో కలిపే నీళ్లు?"

తట్టు టీకా పొడిగా వస్తుంది. నర్సు చిన్న సీసాలోని నీళ్లు కలిపి, ఆ తర్వాత పిల్లాడికి పొడుస్తుంది. తొమ్మిదో పాలెట్, అంటే తొమ్మిదో చెక్కపలక మీద పేర్చిన పెట్టెల నిండా ఉన్నవి ఆ నీళ్ల సీసాలే.

"ఊపిరి ఆపేసే మందు నింపారని అనుమానం," అంది వసంతలక్ష్మి. "మూడింటికి నెవార్క్‌లో కార్గో ఫ్లయిట్. సరుకు కదలాలంటే ట్యాబ్ మీద రెండు వేలిముద్రలు పడాలి. ఒకటి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ది, రెండోది సెమిసీది. సెమిసీ లేకపోతే కన్సల్టెంట్‌ది."

"అంటే నాది."

"ఇన్‌స్పెక్టర్ ఫెబీ మన మనిషే. పదకొండుకి నిన్ను పికప్ చేసుకుంటుంది. కోడ్ అడగడం మర్చిపోకు."

పదకొండుకి ఎర్ర కన్వర్టిబుల్ వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాలు, మెడచుట్టూ నీలం సిల్క్ స్కార్ఫ్. ఫెబీని చూసి సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడిందన్న సంగతి మర్చిపోయిన మగాళ్లున్నారు.

"టెండర్ ఎప్పుడు క్లోజయింది?" అన్నాడు రత్నరాజు.

"వడగళ్లు పడ్డ శుక్రవారం. ఎక్కు అన్నయ్యా."

హైవే ఎక్కగానే స్పీకర్‌లో ఫోన్ మోగింది. బాపట్ల నుంచి ఫెబీ వాళ్లమ్మ, పాస్టరమ్మగారు.

"డ్రైవింగ్‌లో ఉన్నానమ్మా."

"అయితే ప్రార్థన చెయ్యాల్సిందే. పరిశుద్ధుడవైన తండ్రీ..."

ఆ మాట పడిందో లేదో, ఫెబీ కుడిచెయ్యి స్టీరింగ్ వదిలేసి స్కార్ఫ్‌ని తలమీదికి లాగింది. కళ్లు కూడా మూసింది. అరవై మైళ్ల స్పీడ్‌లో. పక్కనున్నవాడే స్టీరింగ్ పట్టుకుని కారుని లైన్లో ఉంచాడు.

"సారీ అన్నయ్యా," అంది ఆమెన్ అయ్యాక, నవ్వుతూ. "నాన్న పక్కన బెత్తం పెట్టుకుని ప్రార్థన చేసేవారు. తల మీద ముసుగు లేకపోతే వీపు చిట్లేది. ఎక్కడున్నా చెయ్యి దానంతటదే లేస్తుంది."

"ప్రభువు మనల్ని చూసుకుంటాడమ్మా. రోడ్డు నువ్వు చూసుకో," అన్నాడు రత్నరాజు.

కోల్డ్ స్టోరేజీలో ఎముకలు కొరికే చలి. గడ్డమున్న ఒక భారీ మనిషి ఫోర్క్‌లిఫ్ట్ దగ్గర నిలబడి ఉన్నాడు. మిగతా సరుకంతా బయట ట్రక్కులోకి ఎక్కించేశారు. ఒక్క తొమ్మిదో పాలెట్టే లోపల ఉంది. రత్నరాజు దాని మీంచి ఒక పెట్టె నేల మీదికి దించి, కోసి, ఒక సీసా తీశాడు. మూత అంచున అల్యూమినియం మీద సన్నటి గీత, పట్టకారుతో నొక్కినట్టు.

"ఫెబీ, ఇది విప్పి మళ్లీ బిగించిన మూత."

వెనక నుంచి చల్లటి ఇనుము మెడకి తగిలింది.

"పెన్ను కింద పడెయ్ అన్నయ్యా. రెండుసార్లు నొక్కితే గ్యాస్ వస్తుందని నాకూ తెలుసు. వాచీ కూడా ఇచ్చెయ్."

కంచే చేను మేస్తుంటే ఇక చేనుకి దిక్కెవరు? డెస్క్ ఇచ్చిన ఆటబొమ్మలన్నీ డెస్క్ మనిషికి తెలియకుండా పోతాయా? పెన్ను, వాచీ నేల మీద పడ్డాయి.

"సెమిసీని చంపింది..."

"మొదటి రెండూ వీడివి. నుదుట్లోది నాది."

"ఎందుకమ్మా?"

"డెస్క్ నన్ను పద్నాలుగు నెలలు ఒక జైల్లో వదిలేసింది. ఒక్కరూ రాలేదు. బయటికి తీసింది కోబాల్ట్."

"ఆ పసిపిల్లలేం చేశారు నీకు?"

ఫెబీ తన వేలిముద్ర వేసింది. ట్యాబ్ ముందుకు చాపింది. "వేలు పెట్టు. నువ్వు పెట్టినా, నేను కోసి పెట్టినా దానికి తేడా తెలీదు."

రత్నరాజు మోచేత్తో వెనక్కి పొడిచాడు. గడ్డంవాడు దానికోసమే చూస్తున్నాడు. మొదటి గుద్దుకి పక్కటెముక విరిగింది, రెండోదానికి పన్ను ఊడింది. నేలకేసి తొక్కిపట్టి బొటనవేలు ట్యాబ్ మీద ఒత్తాడు. పచ్చలైటు వెలిగింది. గడ్డంవాడు పాలెట్‌ని ఫోర్క్‌లిఫ్ట్ మీదికెత్తుకుని యార్డులోకి వెళ్లిపోయాడు. బయట ట్రక్కు తలుపు ధడాలున మూసుకుంది.

పద్దెనిమిది వేలమంది. రత్నరాజుకి భయం వేసింది. చావంటే కాదు, ఆ లెక్కంటే.

"ఫెబీ. ప్రార్థన చేసుకుని పోతానమ్మా."

"తొందరగా కానియ్."

మోకాళ్లూని, నెత్తురు ఉమ్మి, గొంతెత్తాడు. బాపట్ల పాస్టరమ్మ ఎలా మొదలెట్టిందో అలాగే, నిదానంగా.

"పరిశుద్ధుడవైన తండ్రీ..."

ఫెబీ కుడిచెయ్యి లేచింది. చేతిలో గన్ ఉందన్న సంగతి ఆ చేతికి పట్టలేదు. స్కార్ఫ్ అంచు తలమీదికి వచ్చింది. రెప్పలు వాలాయి. అరక్షణం కూడా కాదు.

రత్నరాజు కళ్లు మూసుకోలేదు. నేల మీద మిగిలిపోయిన పెట్టెలోని ఐస్‌ప్యాక్ ఇటుకలా గడ్డకట్టి ఉంది. దాన్ని ఆమె కణతకేసి కొట్టాడు. ఇద్దరూ ఒకరిమీదొకరు పడ్డారు. ఆమె గోళ్లు అతని చెంప చీల్చాయి. గన్ ఇద్దరి మధ్యా రెండుసార్లు పేలింది.

ఆమె పొట్ట పట్టుకుని చూసింది.

"నువ్వు కళ్లు మూసుకోలేదు కదూ అన్నయ్యా."

"లేదమ్మా."

గన్ తీసుకుని పరిగెత్తాడు. యార్డు గేటు తెరుచుకుంటోంది, ట్రక్కు కదులుతోంది. ఫోర్క్‌లిఫ్ట్ తాళం దానికే వేలాడుతోంది. చివర ఎక్కించిన పాలెట్ వెనక తలుపుని ఆనుకునే ఉంటుంది. ఇనప కొమ్ములు ఆ ఎత్తుకి లేపి, కాలు తియ్యకుండా తొక్కాడు. ట్రక్కు నడుపుతున్న గడ్డంవాడు కిటికీలోంచి కాల్చాడు. భుజంలోంచి మాంసం ఎగిరింది. ట్రక్కు ముందు చక్రాలు గేటు గీత దాటుతుండగా కొమ్ములు రేకుని చీల్చుకుని లోపలికి దిగాయి. సీసాలు పటపటా పగిలాయి. మందు కారి తారు మీద మడుగు కట్టింది. గడ్డంవాడు కిందికి దూకి గురిపెట్టేలోపే రత్నరాజు అతని గొంతులోకి కాల్చాడు.

రత్నరాజు కుంటుకుంటూ మళ్లీ లోపలికి వెళ్లాడు. ఫెబీ పోయింది. స్కార్ఫ్ భుజం మీదికి జారి ఉంది. దాన్ని తలమీదికి సర్ది, పక్కన కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. సగంలో ఆపిన ప్రార్థన గుర్తొచ్చి, ఆమెన్ అన్నాడు.

మర్నాడు కొత్త నీళ్లతో టీకాలు తులోవాకి ఎగిరాయి. ఆస్పత్రి మంచం పక్కన వసంతలక్ష్మి ల్యాప్‌టాప్ తెరిచి రిపోర్ట్ నింపుతోంది.

"ఫెబీని నిలువరించింది దేంతో? ఇక్కడ వెపన్ రాయాలి."

"ప్రార్థన."

ఆమె లిస్టంతా పైనుంచి కిందికి చూసింది.

"ఆ ఆప్షన్ లేదే."

"'అదర్స్' దగ్గర టిక్ పెట్టండి మేడమ్," అన్నాడు రత్నరాజు.