ఫ్రీజర్‌లో ఆఖరి ట్యూబు

మొదటిసారి అతను ల్యాబ్‌లోకి తెరిచిన గొడుగుతోనే వచ్చాడు. వాన లేదు. తలుపులో ఇరుక్కున్న గొడుగు తగిలి, అక్కడ పనిచేసే ఆమె చేతిలోని ట్రే కాస్తా కిందపడింది.

"లోపలికొచ్చాక కూడా గొడుగెందుకండీ?"

"మీ కిటికీలకి కర్టెన్లు లేవు కదండీ. ఎండ తగిలితే నా చర్మం ఊరుకోదు."

ఆమె నాలుక కరుచుకుంది. ఆ చర్మం కోసమే అతన్ని పిలిపించారు. ఎండకు కణాలు దెబ్బతింటే బాగుచేసే జన్యువులు అందరిలోనూ మేలుకుంటాయి, అతనిలో మొద్దునిద్ర వదలవు. అతని చేతి మీంచి తీసిన గోరంత చర్మంలోని కణాలను పెంచడం ఆమె పని. మర్నాడే కిటికీలకు నల్ల కర్టెన్లు కట్టించింది.

ఆ తర్వాత మబ్బు పట్టినప్పుడల్లా అతను ప్రత్యక్షం.

"నా పిల్లలు తిన్నారా?" అనేవాడు, తన కణాలున్న గిన్నెల వైపు చూసి.

"రెండ్రోజులకోసారి పెడుతున్నా. బుద్ధిమంతులు, అడ్డమైన ప్రశ్నలు వెయ్యరు."

"అయితే నా పోలిక రాలేదన్నమాట."

ఎండ కాస్తే ఆమె ముఖం ముడుచుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మీరొచ్చేది కణాల కోసమేనా?"

"కంటికి కనపడని కణాల కోసం ఎవరైనా మూడు బస్సులు మారతారా?"

ఆమె నవ్వేసి ఊరుకుంది. తన మనసులో మాట మళ్లీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుంది. అతను మళ్లీ రాలేదు. చర్మం మీద లేచిన క్యాన్సర్ పుండు రెండు నెలల్లో అతన్ని తీసుకుపోయింది.

ఫ్రీజర్‌లో అతని కణాలు ఒక్క ట్యూబు మిగిలాయి. ఏ జన్యువు మేలుకుందో తెలియాలంటే కణాలను రసాయనంలో కరిగించేయాల్సిందే, ఇక అవి మిగలవు. ఎన్నోసార్లు చేసిన పనే, ఈసారి చేతులు రాలేదు. రిజిస్టర్‌లో "పాడైంది" అని రాసేసింది. ఆ ఉద్యోగంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

ఏడాది తిరక్కుండానే అతని చెల్లెలు వచ్చింది. అదే జబ్బు, అదే గొడుగు.

"కొత్త మందు మా జన్యువుల్ని లేపుతుందో లేదో చూడాలటండీ. నా కణాలు రెండుసార్లు తీశారు, పెరగలేదు. అన్నయ్యవేమో పాడైపోయాయన్నారు."

ఆమె ఫ్రీజర్ వైపు చూసింది.

"పాడవలేదమ్మా. నేనే దాచుకున్నాను. అతనిది నా దగ్గర ఇంకేమీ లేదు."

ఆ పిల్ల తిట్టలేదు. గొడుగు మడిచి బల్ల మీద పెట్టి, పక్కన కూర్చుంది.

ల్యాబ్ పెద్దసారు దగ్గర తప్పు ఒప్పుకుని, ఆమె ఆ కణాలను మూడు వారాలు పెంచింది. మందు వేసి, ఎండలా కాసే దీపం కింద పెట్టి, చివరికి ఏడుస్తూనే కరిగించింది. మొద్దునిద్రలో ఉన్న జన్యువు మేలుకుంది. అతను పోయాక మేలుకుంది.

ఫలితం విన్న చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్య మీ పేరు చెప్పేవాడు కాదు. మబ్బు పడితే చాలు, 'మీ వదిన ఎదురుచూస్తుంటుందే' అని బయల్దేరేవాడు."

ఆమె కర్టెన్ కొంచెం తొలగించి చూసింది. బయట మబ్బుగానే ఉంది.

"పద, బస్సు దాకా వస్తాను," అంది. గొడుగు ఆమే పట్టింది.

"నెమ్మదిగా వదినా, మెట్లున్నాయి," అంది ఆ పిల్ల.