పదకొండూ ఇరవై ఫెర్రీ

"హాలిడేకి వెళ్తున్నావు," అన్నాడు చీఫ్. "ఒక పూలచొక్కా కొనుక్కో."

కొంగ నవ్వలేదు. ప్రింటింగ్ ప్రెస్ మీద కిటికీ లేని గది అది. టేబుల్ మీద ఒక టూరిస్టు బ్రోచర్ పడి ఉంది. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, అయిదు దీవులు, ఏడాదిలో మూడు వందల రోజుల ఎండ. వెనక ఫెర్రీ టైంటేబుల్. ఎనిమిదేళ్ళ కిందట అదే టైంటేబుల్ మీద కొంగ పెన్సిల్‌తో ఒక ఫెర్రీ కింద గీత గీశాడు. ఆ గీతను నమ్ముకుని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఆయన ఆఫీసులో కొంగకు సీనియర్, ఇంట్లో అక్క మొగుడు. సన్నగా, పొడుగ్గా, గంటల తరబడి కదలకుండా నిలబడే ఈ బావమరిదికి ‘కొంగ’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. డిపార్ట్‌మెంటు దాన్నే కోడ్‌నేమ్ చేసుకుంది.

బ్రీఫింగ్ పావుగంటలో అయిపోయింది. ఒక విదేశీ ముఠా రిసార్టు పేరు చెప్పి చివరి రెండు దీవులనూ లీజుకు అడుగుతోంది. కట్టబోయేది రిసార్టు కాదు, మన ఓడల సిగ్నల్స్ దొంగచాటుగా వినే స్టేషన్. ఆ దీవుల్లో నూట నలభై మంది ఉప్పు కూలీలున్నారు. గురువారం మధ్యాహ్నం రేవు పట్నంలో విచారణ. వాళ్ళంతా వచ్చి మేం కదలం అని సాక్ష్యం చెబితే లీజు గల్లంతు. రాకపోతే సంతకం పడిపోతుంది. వాళ్ళు వచ్చేది ఒక్క ఫెర్రీలో. దారిలో పట్టుకున్న ముఠా మెసేజ్‌లో ఉన్నది ఒక్క ముక్క: "గురువారం పదకొండూ యాభైకి టూరు ముగుస్తుంది." ఆ టైముకు ఫెర్రీ నడిసముద్రంలో ఉంటుంది.

ఫెర్రీనే ఆపేస్తే పోదా అని కొంగ అడిగాడు. ఆపితే ముఠా జారిపోతుంది, ఫైలు మూసుకుపోతుంది అన్నాడు చీఫ్. ఎనిమిదేళ్ళ కిందట కూడా ఫైలు కోసమే ఫెర్రీ ఆపలేదు. బావతో కలిపి ఇరవై ముగ్గురు పోయారు. ఫైలు మాత్రం ఇనప బీరువాలో చెక్కుచెదరకుండా ఉంది. రిపోర్టులో బాయిలర్ పేలిందని రాశారు. కింద సంతకం కొంగది.

ఇంటికి వెళ్ళి భోజనాల బల్ల మీద మ్యాప్ పరిచాడు. విమానం దిగి బస్సు, బస్సు దిగి లాంచీ, దీవికో పూట. అక్క పళ్ళెం పెట్టబోయి ఆ దీవుల్ని చూసింది. పళ్ళెం చేతిలోనే ఉండిపోయింది.

"ఈసారి ఎవర్ని పంపిస్తున్నావు?" అంది.

"నేనే వెళ్తున్నానక్కా."

ఆమె పళ్ళెం పెట్టి లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపల పూలచొక్కా ఇస్త్రీ చేస్తున్న చప్పుడు వినిపించింది.

ఎదుటి కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "కిటికీ పక్క సీటు చూసుకో బావమరిదీ," అన్నాడు. "నాకు దొరకలేదు." ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. అది పిచ్చో దయ్యమో కొంగ ఎవర్నీ అడగలేదు. అడిగితే మెడికల్ లీవు ఇచ్చి ఇంట్లో కూర్చోబెడతారు, ఇంట్లోనూ బావే ఉంటాడు.

ట్రావెల్ గైడు రాసే రచయితగా మూడు రోజులు తిరిగాడు. గడ్డి టోపీ, మెడలో కెమెరా. ఎండ ఎంత గట్టిగా ఉందంటే నీడలు కూడా పొట్టివైపోయి కాళ్ళకిందికి దూరాయి. ఆ వెలుగులో దాక్కోవడానికి ఏమీ ఉండకూడదు. అయినా ప్రతి జెట్టీలో, ప్రతి బెంచీ చివర ఒక తడి మరక కనిపించేది. పేలుడు పదార్థం దగ్గరికి వస్తే వణికే చేతిగడియారం ఇచ్చారు ఆఫీసువాళ్ళు. అది మొదటి దీవిలోనే ఉప్పుగాలి తగిలి చచ్చిపోయింది. ఏసీ గదుల్లో తయారైన సరుకు మరి.

గురువారం ఉదయం అయిదో దీవిలో ఫెర్రీ ఎక్కాడు. వెనక డెక్ మీద రేవుకు వెళ్ళే ఉప్పు బస్తాలు. బెంచీల మీద, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, కూలీలు; అరికాళ్ళు మాత్రం ఉప్పుకు పగిలి నెర్రెలిచ్చి ఉన్నాయి. వాళ్ళ మేస్త్రి అరవై దాటిన మనిషి, అందరూ ఆమెను పెద్దమ్మ అంటున్నారు. కొంగ ఇంజన్ గది వెతికాడు. లైఫ్ జాకెట్ల పెట్టెలు, బాత్రూములు, బెంచీల కిందా, బస్తాల సందుల్లోనూ వెతికాడు. ఏమీ లేదు.

పదకొండూ ఇరవైకి నాలుగో దీవి. రేవుకు ముందు ఆఖరి స్టాప్. మిగిలిన కూలీలు ఎక్కారు. జెట్టీ మీద ఎర్ర గొడుగు, నల్ల కళ్ళద్దాలు, చూసినవాళ్ళు మళ్ళీ చూసేంత అందం. టూరిస్టు గైడు. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు అందించే మనిషి అని చీఫ్ చెప్పాడు.

"నీడ ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు కొంగ.

"ఎండ అలవాటైతే నీడతో పనిలేదు," అంది. కోడ్ సరిపోయింది.

ఆమె తొందరగా చెప్పింది. బాంబు ఈ ఫెర్రీలో లేదట, వెనక వస్తున్న టూరిస్టు లాంచీలో పెట్టారట. వెంటనే దిగి దాన్ని అందుకోమంది. ఫెర్రీ హారన్ మోగింది. కొంగ ఒక కాలు జెట్టీ మీద పెట్టాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. జెట్టీ వైపు లాగింది.

"దిగు. దయచేసి దిగు," అంది.

కొంగ వెనక్కి చూశాడు. బావ కిటికీ పక్క కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"బాంబు ఆ లాంచీలో ఉంటే, నిన్ను ఇందులోంచి దించడానికి ఆవిడకెందుకురా అంత ఆత్రం?" అన్నాడు బావ. "నన్ను దిగమని ఎవరూ చెప్పలేదు."

కొంగ కాలు వెనక్కి తీసుకున్నాడు. ఫెర్రీ కదిలింది. ఆమె చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. పెన్నులో దాచిన రేడియోలో రేవు పోలీసులకు కబురు పంపాడు: నాలుగో దీవి జెట్టీ మూసెయ్యండి. తను ఫెర్రీలోనే ఉన్న సంగతి చెప్పలేదు.

పదకొండూ నలభై ఏడు. వెతకని చోటు లేదు. నూట నలభై మంది, విచారణలో ముందు ఎవరు మాట్లాడాలో వాదించుకుంటున్నారు. అప్పుడు వెనక డెక్ మీద పెద్దమ్మ గొంతు లేచింది.

"ఈ బస్తాని తడి నేలమీద కూర్చోబెట్టింది ఎవడ్రా?"

ఉప్పు మోసేవాడెవడూ ఆ పని చెయ్యడు. చెక్కల మీద పెట్టాలి, గోడకు జానెడు ఎడం ఇవ్వాలి. తడి తగిలితే రోజుల కష్టం కారిపోతుంది. మిగతా బస్తాలన్నీ అలాగే ఉన్నాయి. ఇదొక్కటే గోడకు చేరబడి, నీళ్ళలో కూర్చుని ఉంది. ముఠాకు మ్యాపులు తెలుసు, టైంటేబుళ్ళు తెలుసు. ఒక్క బస్తా దించిన పాపాన పోలేదు.

కొంగ పరుగెత్తి బస్తా ఎత్తబోయాడు. పెద్దమ్మ దాని మూతి పట్టుకుంది.

"ఎక్కడికయ్యా?"

"సముద్రంలోకి."

"నీళ్ళలోంచి ఉప్పు తియ్యడానికి మాకు నెల పడుతుంది. నువ్వు మళ్ళీ నీళ్ళలోనే పారేస్తావా?"

పదకొండూ నలభై తొమ్మిది. కొంగ పాతికేళ్ళ సర్వీసులో డ్యూటీలో ఉండగా నిజం చెప్పింది లేదు.

"పెద్దమ్మా, నేను టూరిస్టుని కాను. ఇందులో బాంబు ఉంది."

ఆమె అతని మొహం ఒక్క క్షణం చూసింది. రెండో మాట లేకుండా అడుగు వైపు పట్టుకుంది. ఇద్దరూ ఊపి విసిరారు. బస్తా నీళ్ళను తాకింది, మునిగింది. ఫెర్రీ నలభై బారలు ముందుకు పోయింది. సముద్రం కొండలా లేచి డెక్ మీద విరుచుకుపడింది. వెనక అద్దాలన్నీ పగిలాయి. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు.

రేవులో దిగేసరికి ఫోన్ మోగింది. జెట్టీ మీద ముఠా మనుషులు ముగ్గురు దొరికారని చీఫ్ సంతోషంగా చెప్పాడు. గైడు పారిపోలేదట, వాచీ చూసుకుంటూ అక్కడే కూర్చుందట. ఎనిమిదేళ్ళ కిందట బావ ఎక్కబోయే ఫెర్రీ టైము ముఠాకు అందించింది కూడా తనేనని ఒప్పుకుందట. ఇక కొంగ చెయ్యాల్సింది ఒక్కటే. పాత యుద్ధం నాటి మందుపాతర ఏదో నీళ్ళలో పేలిందని రాసి సంతకం పెట్టి ఫ్లైటు ఎక్కాలి.

కొంగ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లైను ఇంకా తెగలేదు, చీఫ్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. విచారణ హాలు మెట్ల మీద బావ నిలబడి ఉన్నాడు, చొక్కా అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చూసినవాడివి నువ్వే," అంది పెద్దమ్మ. "చెప్పాల్సింది కూడా నువ్వే."

లోపలికి వెళ్ళాడు. సాక్షుల బల్ల దగ్గర గుమాస్తా తల వంచుకుని రాసుకుంటున్నాడు. రెండు పడవల గురించి చెప్పాలి అన్నాడు కొంగ, ఇవాళ్టిదీ, ఎనిమిదేళ్ళ కిందటిదీ. వృత్తి ఏమిటని గుమాస్తా అడిగాడు.

"గూఢచారిని."

గుమాస్తా తల ఎత్తాడు. పూలచొక్కా, గడ్డి టోపీ, ఎండకు తోలు లేచిన ముక్కు, మూడూ తీరిగ్గా చూశాడు. చూసి, ‘టూరిస్టు’ అని రాసుకున్నాడు.