అమాస నాడు మొరాయించిన ఆట

"దిల్‌సుఖ్‌నగర్ గేమింగ్ కేఫ్. నాలుగో నంబర్ సిస్టమ్," అన్నారు చీఫ్. "మనకు చిక్కిన విదేశీ ముఠా ఆపరేటర్ అక్కడి నుంచే గేమ్ చాట్‌లో ఆర్డర్లు పంపేవాడు. సాయంత్రం ఆరింటికి ఎల్బీనగర్ మెట్రో స్టేషన్లో బాంబు పేలుతుంది. బ్యాగు ఎవడి దగ్గరుందో తెలియదు. దాడిని ఆపే క్యాన్సిల్ కోడ్ మాత్రం ఆపరేటర్‌తో కక్కించాం. 'చెరువు గట్టు తెగింది.'"

"స్టేషన్ ఖాళీ చేయిస్తే?" అడిగాడు ఏజెంట్ మహిపాల్.

"జనం కదలగానే బ్యాగు ఉన్నవాడు బటన్ నొక్కేస్తాడు. కోడ్ ఆపరేటర్ గేమ్ అకౌంట్ నుంచే వెళ్లాలి, అది ఆ ఒక్క మిషన్‌లోనే తెరుచుకుంటుంది. జోస్నా నీకు తోడు."

జోస్నా డబుల్ ఏజెంట్. అందగత్తె. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోందని చీఫ్ నమ్మకం. మహిపాల్‌కి అంత నమ్మకం లేదు.

సర్వీస్ ఇంజినీర్ వేషంలో, భుజాన టూల్ బ్యాగుతో అతను కేఫ్‌లోకి అడుగుపెట్టేసరికి ఐదు దాటింది. జోస్నా అప్పటికే నాలుగో నంబర్ సిస్టమ్ పక్క కుర్చీలో ఉంది. కళ్లకు నల్లద్దాలు.

"ఇయ్యాల్నే పాత షట్టర్ కెళ్లి ఈడికి మారినం సార్," అన్నాడు ఓనర్ సీతారాములు. "పొద్దుగాల్నుంచి ఒక్క మిషన్ల గూడ గేమ్ ఓపెన్ అయితలేదు. పరేషాన్ ఉంది. జర చూడుండ్రి."

మహిపాల్ గేమ్ మీద డబుల్ క్లిక్ చేశాడు. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి, మళ్లీ డెస్క్‌టాప్ వచ్చింది. డ్రైవర్లు అప్‌డేట్ చేశాడు. యాంటీవైరస్ ఆపాడు. రీస్టార్ట్ చేశాడు. గేమ్‌కు ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసుల నుంచి ఇళ్లకు మళ్లిన జనం స్టేషన్ మెట్లెక్కే వేళ అది. అతనికి నిజంగానే భయమేసింది.

"అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వెయ్యండి," అంది జోస్నా మెల్లగా. "క్షణంలో పని."

చేస్తే సేవ్ అయిన లాగిన్ కాస్తా పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఆ సంగతి ఆమెకు తెలియదా? మహిపాల్ తన వాచీ పట్టీని ఆమె మణికట్టు మీదికి జార్చి మీట నొక్కాడు. పట్టీ హ్యాండ్‌కఫ్‌లా బిగిసి ఆమెను కుర్చీ చేతికి కట్టిపడేసింది.

"తెలివైనవాడివే," అంది జోస్నా. "కానీ గేమ్ తెరవలేవుగా."

అంతలో సీతారాములు తల్లి అండాలమ్మ ఊదుబత్తి తిప్పుతూ వచ్చింది. "అమాస నాడు కొత్త జాగల మిషన్లు పెట్టొద్దన్న బిడ్డా. అమాస అయిపోయింది, విదియ ఒచ్చిందని కంప్యూటర్ల చూపిచ్చిండు మావోడు."

మహిపాల్ చటుక్కున స్క్రీన్ మూలకు చూశాడు. ఎల్లుండి తేదీ.

"అమ్మ దుకాణం తెర్వనియ్యకపోతే గిరాకీ పోతదని అన్నిట్ల డేట్ మార్చిన సార్," అని నసిగాడు సీతారాములు.

ఎల్లుండి నుంచి వచ్చే మిషన్‌ను ఏ సర్వర్ నమ్ముతుంది? మహిపాల్ తేదీని ఈరోజుకు తిప్పి క్లిక్ చేశాడు. గేమ్ తెరుచుకుంది. లాగిన్ పదిలంగా ఉంది. ఆరు కొట్టబోతుండగా కోడ్ టైప్ చేసి ఎంటర్ నొక్కాడు.

చాట్‌లో చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

"సరే. బ్యాగుతో కర్మన్‌ఘాట్ అడ్డాకు తిరిగొస్తున్నా."

అక్కడ వాడిని కమాండోలు నిశ్శబ్దంగా పట్టుకున్నారు. జోస్నా తల దించుకుంది.

అండాలమ్మ స్క్రీన్ మీది తేదీ కొడుకుతో చదివించుకుని మహిపాల్ మీద మండిపడింది. "మల్ల అమాస చేసినవా? అమాస నాడు షురూ చేసిన పని చెడుతదని చెప్పిన గదా."

"చెడిందమ్మా," అన్నాడు మహిపాల్ టూల్ బ్యాగు సర్దుకుంటూ. "వాళ్లది."