మెత్తబడని మాట

ఆ ఉదయం భీమిలి బస్టాండులో మంచు ఇంకా విడలేదు. బెంచీ మీద ఇద్దరు ఒకే కథ చదువుతున్నారు. ఒకాయన పకపకా నవ్వుతున్నాడు, పక్కనావిడ మురిపెంగా కళ్లొత్తుకుంటోంది. ఇద్దరి చదువుటద్దాల మీదా అక్షరాలుగా కదులుతున్నది రచయిత్రి వకుళ కథే. కాకపోతే ఎవరి కథ వాళ్లది. కథావాహిని అనే ఆ వేదికలో నాడికలం అని ఒక యంత్రముంది. అది చదివేవారి నాడి చూసి, మనసు నొచ్చుకోబోయే చోట వాక్యాన్ని అప్పటికప్పుడు తిరగరాస్తుంది. పదేళ్లుగా ఈ లోకంలో కథ చదివి బాధపడ్డవాళ్లు లేరు. అదృష్టవంతులే అనుకోండి!

వకుళ మాత్రం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. "నీ కొత్త కథ చదివానక్కా. రేపొస్తున్నా," అని విజయనగరం నుంచి చెల్లెలు మందాకిని ముందురోజు కబురు పెట్టింది. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

ఇరవై రెండేళ్ల కిందట మందాకిని కథల నోటుపుస్తకం తుఫానులో కొట్టుకుపోయిందని అందరూ అనుకున్నారు గానీ, అది కొట్టుకుపోలేదు. వకుళే దాచింది. తర్వాత పేర్లూ ఊళ్లూ మార్చి, ఆ కథల్నే తన పేరున వేదికకెక్కించి పెద్ద రచయిత్రి అయిపోయింది. చెల్లెలు పోల్చుకోకుండా మిగతాది నాడికలం చూసుకుంది. మందాకిని మళ్లీ ఒక్క కథా రాయలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక వకుళ కొత్త కథలో అంతా ఒప్పేసుకుంది. నాడికలం దాన్నీ మెత్తబరుస్తుందని తెలియదా? తెలుసు. కానీ తన వాక్యం కూడా మెత్తబడుతుందని ఏ రచయిత్రి నమ్ముతుంది చెప్పండి!

తలుపు తీయగానే మందాకిని అమాంతం వాటేసుకుంది.

"అక్కా! నా పుస్తకం కోసం మెడలోతు నీళ్లలో దిగావటే! దొరక్క నాకంటే ఎక్కువ ఏడ్చావట! ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేటి?"

వకుళ ఒప్పుకోలును నాడికలం ఇలా మార్చేసిందన్నమాట. ఊరుకుంటే సరిపోతుంది. చెల్లెలు ఇంత ప్రేమగా కౌగిలించుకుని ఎన్నేళ్లయిందో. కిటికీలోంచి మంచు గదిలోకి వస్తోంది, అంతా కలలో జరుగుతున్నట్టుంది. ఆ కలలోనే ఉండిపోవాలని వకుళకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం.

"నేను దిగలేదే," అంది చివరికి. "అది కొట్టుకుపోలేదు. నేనే దాచాను. నీ కథలన్నీ నా పేరున వేసుకున్నాను."

మందాకిని చిరునవ్వు చెదరలేదు. తల కొంచెం పక్కకి వంచి, ఓపిగ్గా నిలబడింది. ఎందుకలా నిలబడిందో వకుళకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. పదేళ్లుగా చేదు వాక్యం ఎరగని మనిషి, ఈ వాక్యం కూడా మారుతుందని ఎదురుచూస్తోంది.

"తర్వాతేటక్కా?"

"తర్వాతేం లేదే. అంతే."

"మళ్లీ చెప్పు."

చెప్పింది. అవే మాటలు. మూడోసారీ అడిగింది. ఈసారీ వకుళ ఒక్క మాటా మార్చలేదు.

మందాకిని నవ్వు నెమ్మదిగా ఆరిపోయింది. గుండె మీద చెయ్యేసుకుని బెదురుగా చూసింది.

"ఇక్కడ ఏదో నొప్పిగా ఉందక్కా. ఈ పదేళ్లలో ఇలా ఎప్పుడూ లేదు," అంది. "దీన్నేం చెయ్యాలే?" అని, ఆ నొప్పి పెట్టిన మనిషినే అడిగింది.