రబ్బరు పాప ఊపిరి

ఆ ఆఫీసులో చివరి గదికి చెడ్డ పేరుంది. లైటు లేని ఆ గదిలో ఎవరో ఊపిరి పీలుస్తుంటారని... తలుపుకి చెవి ఆనించిన ఓ ఆరడుగుల మొనగాడు మర్నాడు జీతం కూడా అడక్కుండా ఉద్యోగం మానేశాడని... చెప్పుకుంటారు. ఈ కథ నా నోట విన్నాక లైటార్పి పడుకున్న మగాడు ఇంతవరకూ పుట్టలేదు. సరే, మీ ధైర్యమూ చూద్దాం.

ఆ గదిలో ఓ గాజు తొట్టె. తొట్టెలో రబ్బరు పాప. కింద పంపు తిరిగితే పాప ఛాతీ పొంగుతుంది, అణుగుతుంది. ఛాతీకి అంటించిన వైరు పక్కనున్న పెట్టెలోకి పోతుంది. నెలలు నిండని పిల్లల వార్డుల కోసం వాళ్ళు చేసే పెట్టె అది. ఊపిరి ఆగితే కూత పెట్టాలి. మళ్ళీ మొదలైతే తనంతట తానే కూత ఆపాలి. దాని ఉద్యోగం అంతే.

దానికి ప్రోగ్రాము రాసే అమ్మాయి పిట్ట. గాలొస్తే ఎగిరిపోయేంత సన్నమని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరు. ఆ రాత్రి ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళక తప్పలేదు. తెల్లారితే మొదటి పెట్టె ఆసుపత్రికి పోవాలి. లోపం లేదని సంతకం పెట్టాల్సింది ఆమే. ఆ పెట్టె పక్కన పడుకోబోయేది — ఆమె అక్కకి ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ.

"నాకా మెషీన్లు తెలీవే," అంది అక్క ఫోన్లో. "పిన్నివి నువ్వు బాగుందంటే బాగున్నట్టే."

ఆ మాట గుండె మీద రుబ్బురోలులా కూర్చుంది.

ఎందుకంటే పెట్టెకో జబ్బుంది. చాలాసేపు నడిచాక మెమరీ ఉబ్బిపోయి, తిక్క తిక్కగా చేస్తుంది. దాన్ని బయటికి లాగాలని పిట్ట పంపుని జోరు మీద పెట్టింది — రోజంతా తీసే శ్వాసలు కాసేపట్లో అయిపోవాలని. పాప రొప్పసాగింది... గదంతా ఆ రొప్పే.

చివరికి పంపు ప్లగ్గు పీకేసింది. పాప ఆగిపోయింది.

తెర మీద గీత ఆగలేదు.

లేస్తోంది... పడుతోంది... లేస్తోంది... తొట్టెలో కదలని బొమ్మ, తెర మీద బతికున్న ఊపిరి! కూత లేదు.

పంపు మళ్ళీ తగిలించి, ప్రోగ్రాముని ఈసారి మెమరీ తనిఖీ టూలు కనుసన్నల్లో నడిపింది. ప్రోగ్రాము ఎంత మెమరీ అడిగి తీసుకుందో, ఎంత తిరిగిచ్చిందో గుమ్మంలో కూర్చుని కనిపెట్టే కాపలాదారు అది. ప్రోగ్రాములో ఏ భాగం ఏం చేసిందో పేర్లుండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు చూపించింది. చివర్న —

తీసుకున్నది సున్నా. తిరిగిచ్చింది సున్నా. లోపాలు లేవు.

ఇంకొకరైతే అమ్మయ్య అనుకుని సంతకం పడేసి పరుగెత్తేవారు. పిట్టకి ఒళ్ళు జలదరించింది. గీత గీస్తోంది, ఒళ్ళు చేస్తోంది... కానీ మెతుకు ముట్టలేదట! ముద్ద ముట్టకుండా బతికేదాన్ని ఏమంటారు?

ఫోన్ తీసింది. "బాబాయిగారూ..." అంది గుసగుసగా.

అటువైపు ఆ ఆఫీసులోనే చేసి రిటైరైన పెద్దాయన. ప్రోగ్రాములకి మెమరీ పంచిపెట్టేందుకు అందరూ వాడే సిస్టమ్ లైబ్రరీ ఆ చిన్న పెట్టెకి బరువని, సొంతంగా ఒకటి కట్టి పెట్టిన ఘనుడు.

"ఏంటమ్మాయ్, గుసగుసలు? పక్కన దెయ్యం గానీ కూర్చుందా?"

"కూర్చునే ఉందండీ. మెమరీ అసలు తీసుకోలేదంటోంది."

ఫోను పగిలేంత నవ్వు. "పిచ్చితల్లీ! నేను కట్టింది సొంతిల్లు. దానికి నాకు నచ్చిన పేరు పెట్టుకున్నా. నీ కాపలావాడికి ఊరందరి లైబ్రరీ పేరే తెలుసు. వాడక్కడ కర్ర పట్టుక్కూర్చుంటే, సరుకంతా నా గుమ్మంలోంచి పోతోంది. వాడికి నా లైబ్రరీ పేరు చెప్పు."

"మరి ప్రశ్నార్థకాలు?"

"చోటు కలిసొస్తుందని లోపలి పేర్లన్నీ చెరిపేశా. పేర్లు చెరపని కాపీ పాత మెషీన్లో ఉంది, అది పెట్టుకో." ఆయన గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "ఇంతకీ... ఆ చివరి గదిలోనా ఉన్నావు?"

"అవునండీ."

"పని కాగానే బయటికొచ్చెయ్."

ఫోన్ పెట్టేశాడు.

చెప్పినట్టే చేసింది. ఈసారి కాపలాదారు దొంగని జుట్టు పట్టి లాక్కొచ్చాడు. ప్రోగ్రాము ప్రతి శ్వాసకీ ఓ ముక్క మెమరీ పుచ్చుకుంటోంది, తిరిగివ్వడం లేదు. అంతా నిండాక కొత్త శ్వాస రాసుకునే చోటు లేక, పాత శ్వాసల్నే తిప్పి తిప్పి చూపిస్తోంది. ఇంతేనా! తిరిగిచ్చే వరుస ఒక్కటి ప్రోగ్రాములో చేర్చింది. మళ్ళీ జోరు పంపు, మళ్ళీ రొప్పు... ప్లగ్గు పీకింది.

గీత పడిపోయింది. కూత! ఇరుగుపొరుగు వీధులు లేచి కూర్చునేంత కూత! దెయ్యం లేదు, గియ్యం లేదు. పిట్ట నవ్వింది, ఏడ్చింది. ఈ పెట్టె ఉన్నది ఉన్నట్టు చెబుతుందని సంతకం పెట్టింది. 'బాగుందక్కా' అని అక్కకి మెసేజ్ పెట్టింది.

పంపు వైరు చుట్టి, ప్లగ్గు గుప్పిట్లో పట్టుకుని, మోగుతున్న పెట్టెని ఆపడానికి వంగింది. వేలు స్విచ్చుని ఇంకా తాకలేదు —

కూత ఆగిపోయింది.

తెర మీద గీత... లేచింది. పడింది. రొప్పులా కాదు. మెల్లగా... నిద్రలో ఉన్న పసిబిడ్డలా.

టూలు వైపు చూసింది. తీసుకున్నదంతా తిరిగిచ్చింది. లోపాలు లేవు.

గుప్పిట్లో ప్లగ్గు చల్లగా తగులుతోంది. పిట్ట తొట్టె వైపు తల తిప్పలేదు. తిప్పాల్సిన పనీ లేదు.

పెట్టె అబద్ధం చెప్పదని ఇందాకే సంతకం పెట్టింది.